చలికాలమున వేగపుకారునకు తగిన టైర్లు



శంషాబాదునకు దాపున, హిమాయత్‌సాగర్ జలాశయము చెంత, కొత్వాల్‌గూడ యను గ్రామము కలదు. ఆ గ్రామపు ప్రక్కగా హైదరాబాదు నగరమును చుట్టివచ్చు ఔటర్ రింగురోడ్డు పోవుచున్నది. దాని నిడివి 158 కిలోమీటర్లు; పోవుటకు నాలుగు వరుసలు, వచ్చుటకు నాలుగు వరుసలు. 2008వ సంవత్సరమున విమానాశ్రయము శంషాబాదునకు వచ్చినది మొదలు ఈ ప్రాంతమున రాత్రియనక పగలనక బండ్లు తిరుగుచునే యున్నవి. మార్గశిర పుష్యమాసములలో, తెల్లవాఱుజామున పెద్దలు కంబళి కప్పుకొని అరుగుపై కూర్చుండువేళ, దూరమున నొక మ్రోత పుట్టి, చెవి సోకి, రెప్పపాటులో నడగిపోవును. అది స్పోర్ట్సుకారు, అనగా వేగముకొఱకే చేయబడిన కారు. నేలకు మిక్కిలి తక్కువ యెత్తున నుండును. యంత్రము బలమైనది, టైర్లు వెడల్పైనవి.

"ఆ కారుల సంగతి మాకెందుకయ్యా?" యని మీరడుగవచ్చును. కారు మనది కాకపోవచ్చును. కాని దానిని నడుపు పిల్లవాడు మన మనుమడో, పొరుగింటివారి మనుమడో, యజమానికి జీతమునకు నడుపు మన యూరివాడో కావచ్చును. ఆ కుఱ్ఱవానిని కదిపిచూడుడు. యంత్రపు బలమును, రంగును, ధరను గూర్చి గంటసేపు చెప్పును. నేలను తాకునది మాత్రము టైరొక్కటియే. దానిని గూర్చి అడిగినచో "అవి మంచివే తాతా" యని దాటవేయును. అతడు దాటవేసిన ఆ సంగతియే నేటి ప్రసంగము.

చలికిని వేడికిని చక్రముపై గల అధికారము మనవారికి క్రొత్త కాదు. ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుట చూచినవారు మీలో ననేకులుందురు. కమ్మరి పట్టాను మంటలో నెఱ్ఱగా కాల్చును. కాలిన యినుము సాగి వదులగును. అప్పుడు దానిని కొయ్యచక్రముమీదికి దించి నీళ్లు పోయుదురు. చల్లాఱిన పట్టా ముడుచుకొని, కొయ్యలనన్నిటిని ఒక్కటిగా బిగబట్టును. రబ్బరు టైరునందును ఈ ధర్మమే వేఱొక రూపమున పనిచేయుచున్నది. వేడి రబ్బరును మెత్తపఱచును, చలి బిఱుసుపఱచును. లోపలి గాలిని వేడి ఉబ్బించును, చలి కుదించును. ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు తేలికగా బోధపడును.

కారు ఎంత పెద్దదైనను, ఒక్కొక్క టైరు నేలను తాకుచోటు మనిషి అరచేయి పఱచినంత, లేదా అంతకు కొంచె మెక్కువ. పదిహేనువందల కిలోల కారును నాలుగు అరచేతులు మోయుచున్నవన్నమాట. కదలుట, మలుపు తిరుగుట, ఆగుట, ఈ మూడును ఆ నాలుగు అరచేతుల పట్టుననే జరుగవలయును. గంటకు 120 కిలోమీటర్ల వేగమున పోవు కారునకు బ్రేకు పడిన తరువాత, పొడినేలమీద మంచి టైర్లున్నచో, ఆగుటకు సుమారు 70 మీటర్లు పట్టును. టైరు పట్టు మూడవవంతు తగ్గినచో ఆ దూరము 100 మీటర్లు దాటును. నడపువాడు అపాయమును గుర్తించి కాలు కదపుటకు ఒక్క సెకండు పట్టినను, ఆ లోపల కారు మఱి 33 మీటర్లు పోయియే యుండును. ఈ మీటర్లలోనే మనిషి బ్రదుకుటయు బ్రదుకకపోవుటయు కలదు.

ఇక రబ్బరు చరిత్రము కొంచెము చెప్పెదను. పచ్చిరబ్బరు ఎండకు జిగటయై కరగెడిది. చలికి పెళుసై విఱిగెడిది. 1839లో అమెరికా దేశస్థుడైన చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరునకు గంధకము కలిపి కాచినయెడల ఈ దోషము చాలవఱకు పోవునని కనుగొనెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున నున్న డన్‌లప్ అను పశువైద్యుడు, తన కుమారుని మూడుచక్రముల సైకిలుకొఱకు ఆలోచించి, గాలి నింపిన టైరునకు హక్కుపత్రము పొందెను. నేటి టైరునకు వీరిరువురు పెద్దలు. అయితే గంధకము దోషమును తగ్గించెనే గాని తుడిచివేయలేదు. కావుననే టైర్లు చేయువారు వేఱువేఱు దేశముల చలినిబట్టి రబ్బరు పాకమును మార్చుచున్నారు.

వానిలో ముఖ్యమైనవి మూడు తెగలు. మొదటిది వేసవిటైరు. దీని రబ్బరు గట్టిది, వేడినేలమీద కరచిపట్టును, సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడుకంటె చలి ముదిరినచో బిఱుసెక్కి పట్టు తగ్గును. రెండవది చలికాలపుటైరు. దీని రబ్బరు ఘనీభవించు చలియందును మెత్తగా నుండును. ముఖమున సన్నని చీలికలు వందలకొలది యుండి మంచును పట్టుకొనును. మూడవది సర్వకాలపుటైరు. ఇది రెండింటి నడిమిది. రెండు పనులును చేయును గాని, ఏ పనియందును మొదటి స్థానము పొందదు.

ఇక మన చలి యెంత? హైదరాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలల తెల్లవాఱుజామున సాధారణముగా 15 డిగ్రీల చేరువ నుండును. ఊరి వెలుపలి బయళ్లలో 10కి దిగు దినములును కలవు. 1946 జనవరిలో నగరమున 6.1 డిగ్రీలు నమోదైనది గాని, అట్టి ఉదయములు అరుదు. వచ్చినను ప్రొద్దెక్కునప్పటికి చలి విఱిగి, మధ్యాహ్నమునకు 28, 29 డిగ్రీల ఎండ కాయును. ఎండలో తారురోడ్డు అంతకంటె వేడెక్కును. అట్టి నేలమీద చలికాలపుటైరు మెత్తబడి, మలుపులో నలుగుచు, బ్రేకు వేసినపుడు తడబడి, త్వరగా అఱిగిపోవును. కాబట్టి "చలికాలము వచ్చినది గనుక చలికాలపుటైర్లు కొనవలయును" అను మాట మంచుదేశపు మాట. కాశ్మీరమునకు పోవువానికది అన్నము. శంషాబాదులో నుండువానికది అజీర్ణము. మన రోడ్లకు వేసవిటైరే తగినది. మన దుకాణములలో దానికి వేసవి యను పేరు చెప్పకయే అమ్మెదరు.

అయితే మన పిల్లలు ఎందఱో నేడు మంచుదేశములలో నున్నారు. వారికి ఈ తీర్పు తలక్రిందులుగా వర్తించును. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వఱకు కారులకు చలికాలపుటైర్లు చట్టముచేత విధింపబడినవి. జర్మనీలో రోడ్డుపై మంచుగాని, గడ్డకట్టిన నీరుగాని యున్నపుడు అట్టి టైర్లు లేనిదే కారు నడుపరాదు. ఆ టైరు ప్రక్కన మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచురేకయు గుర్తుగా నచ్చొత్తబడి యుండును. నాలుగు చక్రములకును అవే యుండవలయును. రెండింటికి వేసి రెండింటిని విడుచుట, జోడెడ్లలో నొకదానికి మాత్రమే నాడాలు కొట్టించినట్లు. దూరదేశమునుండి కుమారుడు టెలిఫోను చేసినపుడు, అన్నము తింటివా యని అడిగిన పిమ్మట, కారునకు కొండగుర్తు టైర్లు వేయించితివా యని కూడ అడుగుడు.

మన యెడల చలికాలపుటైరు అక్కఱలేదన్నచో, చలివలన భయమే లేదా? కలదు. అది మూడు దారుల వచ్చును.

మొదటిది గాలి తగ్గుట. వైశాఖమున 40 డిగ్రీల మధ్యాహ్నమున చదరపు అంగుళమునకు 33 పౌన్ల లెక్కన గాలి నింపించితిమనుకొందము. పుష్యమాసమున 14 డిగ్రీల తెల్లవాఱుజామున కొలిచినచో, ఒక్క బొట్టు గాలియు బయటికి పోకున్నను, అది 29 పౌన్లకు దిగియుండును. పట్టాను బిగించిన చలియే గాలిని కుదించుచున్నది. దీనికి తోడు నెలనెలకు కొంత గాలి రబ్బరుగుండ సహజముగా ఇంకిపోవును. గాలి తగ్గిన టైరు నడుమ నొత్తిడి లేక అంచులమీద నడచును. ప్రక్కలు మాటిమాటికి ముడుగుచు వేడెక్కును. మిక్కిలి వేగమున పగులుటయు కలదు. కావున గాలిని తెల్లవాఱినపుడు, కారు కదలకముందే కొలువవలయును. ఎంత యుండవలయునో నడపువాని తలుపు చట్రమున నంటించిన చీటిమీద వ్రాసి యుండును. టైరు ప్రక్కన వ్రాసినది ఆ టైరు ఓర్వగల హద్దు. కారునకు కావలసిన కొలత కాదు. చాలమంది ఇచ్చటనే పొరపడుదురు.

రెండవది చల్లని రబ్బరు. టైరు కొంత దూరము నడచి వేడెక్కినపిమ్మటగాని తన పూర్తిపట్టు చూపదు. పందెపుకారులు నడుపువారు బయలుదేరుటకు ముందు కారును అటునిటు త్రిప్పుచు టైర్లను వేడిచేసికొనుట ఇందువలననే. 2023 ఫిబ్రవరి 11వ తేదిని హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు పందెపుకారుల పోటీ జరిగినది. ఫ్రాన్సు దేశస్థుడైన ఝాఁ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ పోటీలో అందఱును ఒక్క తెగ టైర్లనే, ఎండకును వానకును పనికివచ్చువానినే, వాడవలసి యుండెను. ఇందు మనకొక నీతి కలదు. బజారులో పందెపుబాటకొఱకే చేసిన టైర్లు కొన్ని దొరకును. వాని ముఖమున గాడులు దాదాపు లేవు. అవి బాగుగా కాగినగాని పట్టవు. చూపునకు వీరత్వముగా నుండును గనుక యువకులు వానిని కోరుదురు. తడియు చలియు గల తెల్లవాఱుజామున, రోడ్డుపై, అవి నున్నని బండమీద నూనె పోసినట్లుండును. వానిని వలదనుడు. మంచి టైర్లున్నవాడును మొదటి పది కిలోమీటర్లు నెమ్మదిగా పోవలయును.

మూడవది తడి. చలికాలపు మంచుబిందువులు రోడ్డుమీది దుమ్ముతోను, నూనెమరకలతోను కలిసి సన్నని పొర గట్టును. తూర్పుసముద్రమున వాయుగుండము పట్టిన దినములలో వానయు కురియును. నీరు టైరుగాడుల లోతును మించి నిలిచినచో, టైరు నేలను విడిచి నీటిపై తేలును. అప్పుడు చుక్కాని త్రిప్పినను కారు వినదు. విమానముల చక్రములు తడినేలపై ఇట్లు తేలుటను పరిశీలించి, అమెరికాలోని నాసా సంస్థ 1963లో ఒక లెక్కను ప్రకటించెను. దాని ప్రకారము 33 పౌన్ల గాలి గల చక్రము గంటకు సుమారు 96 కిలోమీటర్ల వేగమున తేలును. గాలి 25 పౌన్లకు దిగినచో 83 కిలోమీటర్లకే తేలును. కారుటైరు వెడల్పును, గాడుల లోతును బట్టి ఈ అంకెలు మాఱును. వెడల్పైనది త్వరగా తేలును. విమానముకొఱకు పుట్టిన లెక్క విమానాశ్రయపు దారిలో పోవు కారునకును హెచ్చరికయే.

ఇక టైరు నెన్నుకొను విధము. క్రిందటి కార్తికమున నే నెఱిగిన యొక యింట జరిగినది చెప్పెదను. ఆ యింటి కుఱ్ఱవాడు ఒకరు వాడిన వేగపుకారును కొనెను. అది అంతవఱకు తిరిగినది మిక్కిలి తక్కువ. చలికాలమునకు ప్రత్యేకమైన టైర్లు కావలయునని ఎచ్చటనో చదివి, వానికి చాల సొమ్ము వెచ్చింపబోవుచు నన్ను పిలిచెను. ఉన్న టైర్లు చూచితిమి. గాడులు లోతుగా, నల్లగా నిగనిగలాడుచున్నవి. అతని తాత జీవితమంతయు అంగళ్లలో ఎడ్ల బేరములు తీర్చినవాడు. ఆయన కఱ్ఱ పట్టుకొని కారు చుట్టును తిరిగి, "ఎద్దు పండ్లు జూడకుండ బ్యారం జెయ్యం గద. దీనికి పండ్లు యాడున్నయిరా?" యనెను.

మనుమడు నవ్వెను. నేను నవ్వలేదు, ఏలయన టైరునకును పండ్లు కలవు. టైరు ప్రక్కగోడపై చిన్న అండాకారపు గీటులో నాలుగంకెలుండును. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. దీపము పట్టి వెదకగా ఆ కారు టైర్లపై 3816 అని యుండెను. అనగా 2016వ సంవత్సరమున ముప్పదియెనిమిదవ వారమున పుట్టినవి. వేలితో నొక్కి చూడగా గాడుల అడుగున వెండ్రుకవంటి నెఱ్ఱెలు కనబడినవి. నిగనిగలాడినది పైపూత, లోపల రబ్బరు ముదిసి బిఱుసెక్కినది. కుఱ్ఱవాడు మఱి మాటలాడలేదు. చలికాలపుటైర్ల తలంపు మాని, కారు చేసినవారు చెప్పిన కొలతలో, ఆ సంవత్సరమే పుట్టిన వేసవిటైర్లు నాలుగింటిని వేయించెను.

వేగపుకారులకు ఈ జాడ్యము విశేషముగా కలదు. అవి ఎక్కువగా కొట్టములో నిలిచియుండును. తిరుగవు గనుక గాడులు అఱుగవు. గాడులు అఱుగలేదు గనుక యజమాని ధైర్యముగా నుండును. కాని రబ్బరు నిలిచియున్నను ముదియును. మన యెండలో మఱింత త్వరగా ముదియును. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట తెలిసినవానిచేత పరీక్ష చేయింపవలయును. పదియేండ్లకు మించినదానిని, చూపునకెంత బాగున్నను, తీసివేయవలసినదని టైర్లు చేయువారే చెప్పుచున్నారు. కొన్ని కారుల తయారీదారులు ఆఱేండ్లకే మార్చుమందురు.

పండ్లు చూచిన పిమ్మట తక్కిన వ్రాత చదువవలయును. టైరు ప్రక్కన 245/40 ఆర్ 18 97 వై అను తీరున నుండును. 245 వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అనగా ప్రక్కగోడ యెత్తు వెడల్పులో నూటికి నలువది వంతులు. 18 లోపలి చక్రపు కొలత, అంగుళములలో. 97 అనునది బరువుసంజ్ఞ; ఆ టైరు 730 కిలోలు మోయును. చివరి అక్షరము వేగసంజ్ఞ. హెచ్ అనగా 210, వి అనగా 240, వై అనగా 300 కిలోమీటర్లు. ఈ వేగసంజ్ఞ అనుమతిపత్రము కాదు. అంత వేడిని ఓర్చుకొనగలదని చెప్పుట మాత్రమే. ఔటర్ రింగురోడ్డుమీద 2023 మొదలు మొదటి రెండు వరుసలలో గరిష్ఠవేగము 120. తరువాతి వరుసలలో 80. అయినను కారు చేసినవారు నిర్ణయించిన సంజ్ఞకు తక్కువైన టైరు, ధర తక్కువయని, వేయింపరాదు. బరువుసంజ్ఞయు నట్లే.

గాడుల సంగతి. క్రొత్తటైరు గాడి లోతు సుమారు వడ్లగింజ పొడవంత. గాడుల అడుగున అచ్చటచ్చట చిన్న గట్లుండును. వాని యెత్తు 1.6 మిల్లీమీటర్లు, ఇంచుమించు బియ్యపుగింజ మందము. టైరుముఖము అఱిగి ఆ గట్లతో సమమైనచో దాని ఆయువు తీరినది. తడిలో పట్టు తగ్గుట అంతకు చాల ముందే మొదలగును. కావున వేగపుకారునకు 3 మిల్లీమీటర్లకే మార్చుట వివేకము. ఒకే యిరుసుకు రెండు చక్రములును ఒకే తెగవి, ఒకే వయసువి కావలయును. నాలుగింటిని ఒక్కమాఱు కొనలేనియెడల, ముందరి వెనుకటి కొలతలు ఒక్కటే యైనచో, క్రొత్తజతను వెనుకకు వేయింపుడు. వెనుకచక్రము జాఱినచో కారు బొంగరమగును. దానిని నిలుపుట చేయితిరిగినవానికిని కష్టము.

పెద్దలారా, ఈ ప్రసంగమునంతయు మూడు ప్రశ్నలుగా మూటగట్టి మీకిచ్చుచున్నాను. కారు తీయబోవు పిల్లవానిని పిలిచి అడుగుడు: "టైరు పండ్లు చూచితివా? ఈ తెల్లవాఱుజామున గాలి కొలిచితివా? గాడిలో వడ్లగింజ మునుగుచున్నదా?" మూడింటికి జవాబు చెప్పినవానిని దీవించి పంపుడు. చెప్పలేనివానిని, ఎండ యెక్కువఱకు ఒక లోటా టీ ఇచ్చి కూర్చుండబెట్టుడు. యంత్రము సంగతి వానికి తెలియును. పశువు పండ్లు చూడనిదే కాడి కట్టరాదను సంగతి మీకు తెలియును. ఆ రెండు తెలివులును ఒక్క కారులో కూడినగాని ప్రయాణము క్షేమము కాదు.

సెలవు.